జబ్బు ఖర్చు ఎవరి ఖాతాలో? ఆఫీసు వెల్‌నెస్ లెక్కలు విప్పి చూస్తే

హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల కాలేయాల మీద 2025లో వచ్చిన అధ్యయనం చాలా రోజులు వార్తల్లో నలిగింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. 71 శాతం మందికి ఊబకాయం ఉంది. ఆ అంకెలను కేంద్ర ఆరోగ్య మంత్రి పార్లమెంటులోనూ ప్రస్తావించారు. 345 మందిని చూసి నగరంలోని ఐటీ ఉద్యోగులందరి సంగతీ తేల్చేయలేం కానీ, ఆ వార్త చదివినవాళ్లలో చాలామంది తమ టీమ్‌లో ఎవరెవరికి పొట్ట వచ్చిందో ఒకసారి లెక్కపెట్టుకునే ఉంటారు.

అదే ఏడాది నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 40 ఏళ్లు దాటిన కార్మికులకు యజమాని ఏటా ఉచితంగా వైద్య పరీక్షలు చేయించాలన్నది వాటిలో బాగా ప్రచారం పొందిన అంశం. దీంతో ఓ పాత వాదన మళ్లీ ముందుకొచ్చింది: వెల్‌నెస్ ప్రోగ్రామ్ పేరుతో ఉద్యోగి ఆరోగ్యం మీద కంపెనీ ఒక రూపాయి పెడితే మూడు రూపాయలు తిరిగొస్తాయి, కాబట్టి ఇది ఖర్చు కాదు, పెట్టుబడి.

నిజంగా తిరిగొస్తాయా? వస్తే ఎవరికి? జవాబు చెప్పాలంటే ముందు జబ్బుకయ్యే ఖర్చు ఎక్కడెక్కడ పడుతుందో చూడాలి. చర్చ చిక్కుపడేది అక్కడే.

## ఒక్క నాగా ఖరీదు ఎంత?

ఒక బట్టల ఫ్యాక్టరీని ఊహించుకుందాం. ఒక లైనులో 30 కుట్టు మిషన్లు. రోజుకు 600 చొక్కాలు. చొక్కాకు కుట్టుకూలిగా కంపెనీకి వచ్చేది 60 రూపాయలు. అంటే లైను రోజు ఆదాయం 36,000. ఆపరేటరు జీతం నెలకు 13,000, రోజుకు 500. ఇవన్నీ లెక్క తేలిగ్గా ఉండటానికి వేసుకున్న అంకెలే.

కాలరు కుట్టే ఆమెకు జ్వరం వచ్చి రెండు రోజులు నాగా పెట్టింది. సెలవులు అయిపోయాయి కనుక ఆ రెండు రోజుల జీతం కోత. జీతాల పట్టికలో చూస్తే కంపెనీకి వెయ్యి రూపాయలు మిగిలినట్టే. లైను దగ్గరికి వెళ్లి చూస్తే సంగతి వేరు. కాలరు దగ్గర పని ఆగితే ముక్కలు అక్కడే పేరుకుపోతాయి, తర్వాత చేతులు, కఫ్‌లు కుట్టేవాళ్లకు పని అందదు. సూపర్‌వైజరు ఎవరినో తెచ్చి అక్కడ కూర్చోబెడతాడు. వాళ్లకు చేయి తిరగదు. ఉత్పత్తి 5 శాతం తగ్గిందనుకుందాం: రోజుకు 30 చొక్కాలు, 1,800 రూపాయలు. మిగిలిన 500 జీతం తీసేస్తే ఒక్క రోజు నాగాకు కంపెనీకి తగిలిన దెబ్బ 1,300.

అదే రోజు దారాలు కత్తిరించే హెల్పరు రాకపోతే? పక్కవాళ్లు సర్దుకుంటారు, చొక్కాలు తగ్గవు, నష్టం దాదాపు సున్నా. డెంగీ సీజనులో ఆరుగురు ఒకేసారి మంచం పట్టారనుకోండి, నష్టం 1,300ను ఆరుతో గుణించినంతతో ఆగకపోవచ్చు. లైను బ్యాలెన్సే తప్పుతుంది. సరుకు ఓడకెక్కించే గడువు అందుకోవడానికి ఓవర్‌టైం చేయించాలి, చట్టం ప్రకారం దానికి రెట్టింపు కూలి. కాబట్టి ‘ఒక నాగాకు ఇంత నష్టం’ అని సగటు అంకె ఎవరు చెప్పినా, ఏ పనిలో, ఎవరు, ఎంతమంది అన్న మూడు ప్రశ్నలు అడగకుండా నమ్మలేం.

ఇంకో ఖర్చు ఎవరూ జబ్బు పద్దులో రాయరు. ఆర్టీసీ డిపోలో డ్యూటీలకు సరిపడా మాత్రమే డ్రైవర్లను పెట్టుకుంటే బస్సులు నడవవు. ఎవరో ఒకరు సిక్ అవుతారని తెలుసు కనుక కొందరిని స్పేర్‌లో ఉంచుకోవాలి. వాళ్లు చాలని రోజున సర్వీసు రద్దవుతుంది, లేదా ఒకరి మీద డబుల్ డ్యూటీ పడుతుంది. అంటే అందరూ ఆరోగ్యంగా ఉన్న రోజున కూడా జబ్బుకు అద్దె కడుతూనే ఉన్నామన్నమాట.

ఇక ఆపరేటరు వైపు నుంచి చూద్దాం. ఆమె జీతం 21,000 లోపు కనుక ఈఎస్ఐ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటుంది. 13,000 మీద ఆమె వాటా 0.75 శాతం, దాదాపు 98 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, 423 రూపాయలు. జబ్బు చేసి పనికి వెళ్లలేకపోతే సగటు రోజు కూలిలో 70 శాతం ఈఎస్ఐ ఇస్తుంది, ఏడాదిలో 91 రోజుల దాకా. క్షయ, క్యాన్సర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులైతే 80 శాతం, ఇంకా ఎక్కువ కాలం. ప్రైవేటు రంగంలో ఈ స్థాయి రక్షణ మరెక్కడా అంత తేలిగ్గా దొరకదు. అయితే ఒక మెలిక ఉంది. మొదటి రెండు రోజులు వెయిటింగ్ కింద పోతాయి, వాటికి డబ్బు రాదు. కిందటి జబ్బు సెలవు అయిన పదిహేను రోజుల్లోపే మళ్లీ పడకేస్తే మాత్రం ఆ రెండు రోజుల కోత ఉండదు. అంటే ఆమె రెండు రోజుల జ్వరానికి ఈఎస్ఐ నుంచి వచ్చేది సున్నా. ఐదు రోజులు పడుకుంటే మూడు రోజులకు, రోజుకు 350 చొప్పున, 1,050 వస్తుంది. దానికి డిస్పెన్సరీ డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఆ క్యూలో నిలబడటానికే పూట గడిచిపోతుందని చాలామంది దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని మర్నాడు పనికి వెళ్లిపోతారు.

## ఒంట్లో బాగోకపోయినా వచ్చి కూర్చుంటే

అలా జ్వరంతోనే వెళ్లి మిషను ముందు కూర్చున్న మనిషి హాజరు పట్టీలో హాజరే. పని మాత్రం సగమే సాగుతుంది. దీనికి నిపుణులు వాడే పేరు ప్రజెంటీయిజం. పార్శ్వపు నొప్పి, నడుం నొప్పి, నిద్రలేమి, దిగులు, అదుపు తప్పిన షుగరు, ఇవన్నీ మనిషిని ఇంట్లో కూర్చోబెట్టకుండానే పనిని తినేస్తాయి. దిగులు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు, దాదాపు లక్ష కోట్ల డాలర్లు నష్టపోతున్నామన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇలాంటి పెద్ద అంకెల్లో ప్రజెంటీయిజం వాటా సాధారణంగా నాగాల వాటా కన్నా చాలా పెద్దది.

అయితే దాన్ని కొలిచేదెలా? నాగాను హాజరు పట్టీ చెబుతుంది. ప్రజెంటీయిజాన్ని మాత్రం ఉద్యోగినే అడగాలి. ‘గత నాలుగు వారాల్లో మీ పనితీరుకు సున్నా నుంచి పది వరకు ఎంత మార్కు వేసుకుంటారు’ అన్నట్టు ఉంటాయి ఆ ప్రశ్నపత్రాలు. 500 మంది ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, సగటు జీతం నెలకు లక్ష. ఒంట్లో బాగోక పదో వంతు పని పోయిందని సగటున జవాబొచ్చింది. వెంటనే గుణకారం: నెలకు 50 లక్షలు, ఏడాదికి 6 కోట్లు. స్లైడు మీద ఎర్ర రంగులో వేయడానికి బాగుంటుంది.

ఆ 6 కోట్లు నిజంగా పోయాయా? తలనొప్పితో మధ్యాహ్నం ఆగిన పని రాత్రి పదింటికి ఇంట్లో పూర్తయి ఉండొచ్చు. పక్క సీటతను చేసి పెట్టి ఉండొచ్చు. రెండు సందర్భాల్లోనూ కంపెనీ ఆదాయం తగ్గలేదు. తగ్గింది ఆ ఉద్యోగి నిద్ర, లేదా పక్కవాడి సాయంత్రం. నష్టం ఉంది, కానీ అది కంపెనీ లాభనష్టాల పట్టికలో కనిపించే నష్టం కాదు. ‘ప్రజెంటీయిజం వల్ల ఇన్ని కోట్లు’ అన్న అంకెలను కొట్టిపారేయనక్కర్లేదు. మందు కొంటే ఆ కోట్లు వెనక్కి వస్తాయన్న అర్థంలో మాత్రం చదవకూడదని నా అభిప్రాయం.

ఒక్క విషయంలో మాత్రం జబ్బుతో పనికి రావడం స్పష్టంగా నష్టమే. అంటుజబ్బులు. అమెరికాలో కొన్ని నగరాలు, రాష్ట్రాలు జీతంతో కూడిన సిక్ లీవు తప్పనిసరి చేశాక అక్కడ ఫ్లూ తగ్గిందని స్టెఫాన్ పిచ్‌లర్, నికొలాస్ జీబార్త్ 2017లో చూపించారు. సెలవు ఇస్తే దుర్వినియోగం చేస్తారన్న భయం అబద్ధం కాదు, కొందరు చేస్తారు. అయితే సెలవు లేకపోతే ఒకరి దగ్గు పదిమందికి చేరుతుంది. ఆ రెండింటిలో ఏది ఎక్కువ ఖర్చు అన్నదే ప్రశ్న.

## అమెరికా లెక్క మనకు ఎందుకు అతకదు?

‘రూపాయికి మూడు’ అన్న మాట అమెరికా నుంచి వచ్చింది. అక్కడ ఉద్యోగం ద్వారా బీమా ఉన్నవాళ్లలో సగానికి పైగా మంది కంపెనీలే స్వయంగా బిల్లు భరించే పథకాల్లో ఉంటారు. ఉద్యోగి షుగరు మందులు, డాక్టరు ఫీజు, గుండె ఆపరేషను, అన్నీ చివరికి కంపెనీ జేబులోంచే పోతాయి. అలాంటి చోట ఉద్యోగి షుగరు అదుపులో ఉంటే కంపెనీకి నేరుగా డబ్బు మిగులుతుంది. వెల్‌నెస్ వ్యాపారం అక్కడ పెరిగిందంటే కారణం అదే.

మన దగ్గర అదే షుగరు ప్రయాణం చూడండి. 35 ఏళ్ల ఉద్యోగికి షుగరు బయటపడింది. కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ ఎక్కువగా ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది. నెలనెలా మాత్రలు, మూడు నెలలకోసారి రక్తపరీక్ష, డాక్టరు ఫీజు సొంత జేబులోంచి. అశ్రద్ధ చేస్తే కిడ్నీకో గుండెకో దెబ్బ తగిలేది పది, పదిహేనేళ్లకు. ఈలోగా అతను మూడు కంపెనీలు మారి ఉంటాడు. ఈ రోజు వెల్‌నెస్ మీద ఖర్చు పెట్టిన కంపెనీకి రావాల్సిన లాభం ఏ నాలుగో కంపెనీకో, ఉద్యోగి కుటుంబానికో పోతుంది.

గ్రూపు పాలసీ క్లెయిములు పెరిగితే మరుసటి ఏడాది ప్రీమియం పెరుగుతుంది కనుక కంపెనీకి అసలు పట్టదనలేం. కానీ ఆ క్లెయిముల్లో కాన్పులు, ప్రమాదాలు, తల్లిదండ్రుల ఆపరేషన్లు కూడా ఉంటాయి. ఉద్యోగి రోజుకు పదివేల అడుగులు నడిస్తే వాళ్ల నాన్నగారి మోకాలి ఆపరేషను ఆగదు.

ఈఎస్ఐలో యజమాని కట్టేది జీతంలో నిర్ణీత శాతం. తన కార్మికులు ఆరోగ్యంగా ఉన్నా, లేకపోయినా 3.25 శాతమే. ఈఎస్ఐ లేని చిన్న షాపుల్లో పనిచేసేవాళ్లకు పెద్ద జబ్బు వస్తే ఆరోగ్యశ్రీ ఉంది, అది ప్రభుత్వ ఖజానా. ఇలా ఒకే జబ్బు ఖర్చు ఉద్యోగి జేబు, కుటుంబం అప్పు, ఈఎస్ఐ నిధి, బీమా కంపెనీ, ప్రభుత్వం, యజమాని అనే ఆరు చోట్ల పంచుకుని పడుతుంది. మన దగ్గర యజమాని ముక్క అన్నింటికన్నా పెద్దది కాదు. ‘ఉద్యోగుల జబ్బు వల్ల దేశానికి ఇంత నష్టం’ అనే అంకె చూపించి ‘కాబట్టి మీ కంపెనీకి ఇంత లాభం’ అని చెబుతుంటే, మధ్యలో ఖాతాలు మారిపోయాయని గుర్తుపట్టాలి.

## మూడు డాలర్ల మాట ఎక్కడ పుట్టింది, ఏమైంది?

2010లో క్యాథరిన్ బైకర్, డేవిడ్ కట్లర్, జిరుయ్ సాంగ్ అనే ముగ్గురు హార్వర్డ్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. వెల్‌నెస్ మీద పెట్టిన ప్రతి డాలరుకూ వైద్యఖర్చులో 3.27 డాలర్లు, నాగాల ఖర్చులో 2.73 డాలర్లు తగ్గినట్టు తేలింది. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

ఆ పాత అధ్యయనాల్లో చాలావాటికి ఒక బలహీనత ఉంది. ప్రోగ్రామ్‌లో చేరినవాళ్లను చేరనివాళ్లతో పోల్చడం. ఆఫీసులో యోగా క్లాసు పెడితే ముందుగా పేరిచ్చేది ఎవరు? అప్పటికే పొద్దున్నే పార్కుకు వెళ్లేవాళ్లు. నడుం నొప్పితో కుర్చీలోంచి లేవలేని మనిషి రాడు. ఏడాది తర్వాత ‘యోగాకు వచ్చినవాళ్ల వైద్యఖర్చు రానివాళ్లకన్నా తక్కువ’ అని తేలితే అది యోగా మహిమా, లేక ఆ మనుషులే అంతా? ఆ పోలికతో తేల్చలేం.

తేల్చాలంటే లాటరీ వేయాలి. ఎవరికి అవకాశం ఇవ్వాలో చీటీ నిర్ణయించాలి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో అదే చేశారు. 4,834 మంది ఉద్యోగులు పాల్గొనడానికి ముందుకొచ్చారు. వాళ్లలో 3,300 మందికి లాటరీలో వెల్‌నెస్ ప్రోగ్రామ్ దక్కింది, మిగతా 1,534 మందికి దక్కలేదు. ఆరోగ్య పరీక్షలు, కోర్సులు, పాల్గొన్నందుకు డబ్బు ప్రోత్సాహకాలు, అన్నీ ఉన్నాయి. 2019లో ఫలితాలు వచ్చాయి. వైద్యఖర్చులో తేడా లేదు, నాగాల్లో లేదు, జిమ్‌కు వెళ్లడంలోనూ లేదు. మారినవి రెండే: పరీక్షలు చేయించుకున్నవాళ్లు పెరిగారు, యాజమాన్యం మా ఆరోగ్యం పట్టించుకుంటోంది అనుకునేవాళ్లు పెరిగారు.

అక్కడితో ఆగితే ఇది ఇంకో అధ్యయనం అయ్యేది. పరిశోధకులు అదే సమాచారాన్ని తీసుకుని ఈసారి పాత పద్ధతిలో, చేరినవాళ్లను చేరనివాళ్లతో పోల్చి చూశారు. ఆ పాత అధ్యయనాల్లో కనిపించిన లాభాలే మళ్లీ కనిపించాయి! చేరినవాళ్లు ప్రోగ్రామ్ మొదలవకముందు నుంచే తక్కువ వైద్యఖర్చు ఉన్నవాళ్లు. లాభమని కనిపించిందంతా మనుషుల తేడా.

అదే సంవత్సరం ఇంకో ప్రయోగం వచ్చింది. బీజేస్ అనే అమెరికన్ హోల్‌సేల్ దుకాణాల సంస్థలో 160 చోట్ల పనిచేసే దాదాపు 33,000 మంది. లాటరీలో ఎంపికైన 20 దుకాణాల్లో వెల్‌నెస్ ప్రోగ్రామ్. ఏడాదిన్నర తర్వాత, ‘వ్యాయామం చేస్తున్నాం, బరువు చూసుకుంటున్నాం’ అని చెప్పేవాళ్లు ఆ దుకాణాల్లో ఎక్కువయ్యారు. బీపీ, కొలెస్ట్రాల్, బరువు, వైద్యఖర్చు, నాగాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ అధ్యయనం రాసింది జిరుయ్ సాంగ్, క్యాథరిన్ బైకర్. 3.27 డాలర్ల అంకెను లోకానికి ఇచ్చిన ముగ్గురిలో ఇద్దరు. తమ పాత ముగింపును తామే మెరుగైన పద్ధతిలో పరీక్షకు పెట్టడం ఏ రంగంలోనైనా అరుదు. విచిత్రమేమిటంటే వెల్‌నెస్ అమ్మేవాళ్ల ప్రెజెంటేషన్లలో వాళ్ల 2010 పేపరే ఉంటుంది, 2019 పేపరు కనిపించదు.

మానసిక ఆరోగ్యం విషయంలోనూ ఇలాంటి ఫలితమే. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన విలియం ఫ్లెమింగ్ 2024లో బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది జవాబులు పరిశీలించారు. ధ్యానం యాప్‌లు, ఒత్తిడి తట్టుకునే శిక్షణ లాంటివి తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్లకన్నా మెరుగ్గా ఏమీ లేరు. ఇది లాటరీ ప్రయోగం కాదు. కుంగిపోయినవాళ్లే యాప్ వెతుక్కుని ఉండొచ్చు కదా అనే వాదనకు చోటుంది.

## పనిచేసినవీ ఉన్నాయి

వెల్‌నెస్ అన్నపేరుతో పూర్తిగా వేరువేరు పనులను ఒకే మూటలో కడుతున్నాం. పెప్సికో సంస్థలో ఏడేళ్ల అనుభవాన్ని ర్యాండ్ అనే అమెరికన్ పరిశోధన సంస్థ వాళ్లు 2014లో విడదీసి చూపించారు. అక్కడి ప్రోగ్రామ్‌లో రెండు భాగాలు. ఒకటి అందరికీ: బరువు తగ్గించుకోండి, సరిగా తినండి, ఒత్తిడి తగ్గించుకోండి. రెండోది ఇప్పటికే షుగరు, గుండెజబ్బు లాంటివి ఉన్నవాళ్లకు: నర్సు ఫోను చేసి మందులు వేసుకుంటున్నారా, పరీక్షలు చేయించుకున్నారా అని వెంటపడటం. రెండో దానిలో డాలరు పెడితే దాదాపు 3.80 డాలర్లు తిరిగొచ్చింది. మొదటి దానిలో డాలరు పెడితే అర డాలరు వచ్చింది. రెండూ కలిపి సగటు చెబితే ‘మొత్తానికి లాభమే’ అనిపిస్తుంది. విడదీస్తే జబ్బున్నవాళ్ల భాగం నిజంగా పనిచేసింది, అందరికీ పెట్టిన భాగం దాని భుజాలెక్కి కూర్చుంది. ఈ అధ్యయనమూ లాటరీతో చేసింది కాదు, కానీ ఇక్కడ కారణం మాత్రం అర్థమవుతుంది. ఆస్పత్రిలో చేరే ప్రమాదం దగ్గర్లో ఉన్న మనిషిని కాపాడితే ఖర్చు ఈ ఏడాదే తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్లవాడికి ఆస్పత్రి ఖర్చే లేదు, తగ్గడానికి.

సిగరెట్ల విషయంలో లాటరీ ప్రయోగమే ఉంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో 878 మంది పొగతాగే ఉద్యోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మానేయడానికి సమాచారం మాత్రమే ఇచ్చారు. రెండో గుంపుకు దానితోపాటు, మానినట్టు పరీక్షలో తేలితే విడతలవారీగా మొత్తం 750 డాలర్ల దాకా. ఏడాది నాటికి మానినవాళ్లు మొదటి గుంపులో 5 శాతం, రెండో గుంపులో 14.7 శాతం. 2009లో వచ్చిన ఫలితమిది. వంద మందిలో 85 మంది అప్పటికీ తాగుతూనే ఉన్నారని అనొచ్చు. అయినా ఈ రంగంలో మూడింతల తేడా చాలా పెద్దది.

## మనిషిని మార్చాలా, పని జరిగే చోటును మార్చాలా?

పైన చెప్పినవన్నీ మనిషి అలవాట్లను మార్చే ప్రయత్నాలు. రెండో దారి పని పరిస్థితులను మార్చడం. ఈ దారిలో మన చుట్టుపక్కలే మంచి ఆధారాలున్నాయి, వాటి గురించే తక్కువ మాట్లాడుకుంటాం.

బెంగళూరు బట్టల ఫ్యాక్టరీలు కరెంటు ఆదా కోసం పాత ట్యూబులైట్లు తీసి ఎల్‌ఈడీలు పెట్టాయి. ఎల్‌ఈడీ తక్కువ వేడెక్కుతుంది. మిషన్ల దగ్గర వేడి కాస్త తగ్గింది. ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఉత్పత్తి పెరిగిందని అచ్యుత అధ్వర్యు, ఆయన సహ పరిశోధకులు లెక్కతేల్చారు. కరెంటు ఆదా ఒక్కటే చూస్తే పెట్టుబడి తిరిగి రావడానికి మూడేళ్లకు పైనే పట్టేది. ఉత్పత్తి లాభం కూడా కలిపితే ఏడాదిలోపే వచ్చేస్తోంది. ఎవరూ వెల్‌నెస్ అని పిలవని ఖర్చు ఇది.

వేడి మీదే ఇంకో పెద్ద అధ్యయనం 2021లో ఇ. సోమనాథన్ బృందానిది. సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దేశంలోని ఫ్యాక్టరీల వార్షిక ఉత్పత్తి దాదాపు 2 శాతం తగ్గుతోందని అంచనా వేశారు. అందులో ఆలోచింపజేసే విషయం ఇంకోటుంది. ఫ్యాక్టరీలో చల్లదనం ఏర్పాటు చేసిన చోట పని మందగించడం ఆగింది, కానీ వేడి రోజుల్లో నాగాలు ఆగలేదు. ఎందుకంటే కార్మికుడు రాత్రి పడుకునేది రేకుల ఇంట్లో. రామగుండంలో మే నెల రాత్రి ఎలా గడుస్తుందో తెలిసినవాళ్లకు దీనికి వివరణ అక్కర్లేదు. యజమాని చేయగలిగింది ఎంతవరకో, గేటు దాటాక ఎవరి బాధ్యతో ఇక్కడ గీత కనిపిస్తుంది.

చెన్నైలో నిద్ర మీద జరిగిన ప్రయోగం ఫలితం ఎవరూ ఊహించనిది. రాత్రికి సగటున ఐదున్నర గంటలే నిద్రపోయే పేద కుటుంబాల వాళ్లకు డేటా ఎంట్రీ పని ఇచ్చి, కొందరికి కళ్లగంతలు, దిండ్లు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్‌లు, సలహాలు ఇచ్చారు. రాత్రి నిద్ర దాదాపు అరగంట పెరిగింది. పనిలో మార్పు లేదు. దోమలు, ఉక్కపోత, వీధి చప్పుళ్ల మధ్య పడుకునే అరగంట ఎంత నాణ్యమైనదో మరి. ఇంకొందరికి ఆఫీసులోనే మధ్యాహ్నం అరగంట కునుకు తీసే ఏర్పాటు చేశారు. వాళ్ల పని వేగం, మనసు రెండూ మెరుగయ్యాయి. అలాగని కునుకు ఉచితం కాదు: ఆ అరగంట కూడా పనిచేసినవాళ్లతో పోలిస్తే వాళ్ల సంపాదన తగ్గింది, ఊరికే విరామం తీసుకున్నవాళ్లతో పోలిస్తే పెరిగింది.

అన్నింటికన్నా పాతది, చవకైనది ఐరన్ మాత్ర. ఇండోనేషియా రబ్బరు తోటల్లో రక్తహీనత ఉన్న కూలీలకు 60 రోజులు ఐరన్ ఇస్తే వాళ్లు గీసే రబ్బరుపాలు పెరిగాయని 1979లోనే తేలింది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మన బట్టల ఫ్యాక్టరీల్లో, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో ఎక్కువగా పనిచేసేది ఆ వయసు ఆడవాళ్లే. అక్కడ వెల్‌నెస్ అనే మాటకు అర్థం స్మార్ట్ వాచీ కాదు. హిమోగ్లోబిన్ పరీక్ష, మాత్ర, నిలబడి పనిచేసే చోట అప్పుడప్పుడు కూర్చునే వీలు, వెళ్లాలనిపించేంత శుభ్రమైన మరుగుదొడ్డి. టాయిలెట్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్ల సంగతి ఏ వెల్‌నెస్ యాప్‌కూ తెలియదు.

## పరీక్ష అంటే కొందరికి భయం, కొందరికి ఆశ

పరీక్షలు చేస్తే జబ్బు ముందుగా పట్టుబడుతుంది, ఇందులో వాదనేముంది అనిపిస్తుంది. పరీక్ష ఫలితం చివరికి ఎవరి చేతికి వెళుతుంది, దానితో వాళ్లు ఏం చేస్తారు అన్నదాన్ని బట్టి మనుషులు పరీక్షకు వస్తారు, లేదా తప్పించుకుంటారు.

బస్సు డ్రైవరుకు చూపు తగ్గినా, గుండెజబ్బు బయటపడినా స్టీరింగు దూరమవుతుంది. ప్రయాణికుల వైపు నుంచి అది న్యాయమే. కానీ ‘మెడికల్ అన్‌ఫిట్’ అనే మాట డిపోల్లో ఎంత భయపెడుతుందో తెలిసిందే. రంగులు గుర్తించలేడన్న కారణంతో పక్కనపెట్టిన ఒక ఆర్టీసీ డ్రైవరు కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, అతనికి తగిన వేరే ఉద్యోగం చూపించాలని తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. ఇలాంటి భరోసా ఉంటేనే డ్రైవరు బీపీ మిషను ముందు ధైర్యంగా చేయి చాస్తాడు. తెలంగాణ ఆర్టీసీ 2022లో గ్రాండ్ హెల్త్ ఛాలెంజ్ పేరుతో డిపోల్లో పరీక్షలు చేయించింది. సంస్థకు తార్నాకలో సొంత ఆస్పత్రి ఉండటం అక్కడి సౌలభ్యం: జబ్బు బయటపడితే పంపడానికి ఒక చోటుంది.

సింగరేణిలో కథ తిరగబడుతుంది. అనారోగ్యంతో గని పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే అర్హతను బట్టి కొడుకుకో కూతురికో ఉద్యోగం వచ్చే వీలుంది. అక్కడ అన్‌ఫిట్ కావడం భయం కాదు, చాలా కుటుంబాలకు ఆశ. మెడికల్ బోర్డు చుట్టూ దళారుల ఆరోపణలు ఎప్పటికప్పుడు వినిపించేది అందుకే. రెండు సంస్థల్లోనూ అవే బీపీ, చూపు, గుండె పరీక్షలు; వాటికి ముడిపెట్టిన ఫలితం వేరు కనుక మనుషుల నడవడి వేరు.

ప్రైవేటు కంపెనీల్లో భయం ఇంకో రూపంలో ఉంటుంది. యాప్‌లో నమోదైన నిద్ర, బరువు, ‘ఈ వారం మీ మనసెలా ఉంది’కి ఇచ్చిన జవాబు, హెచ్ఆర్‌కు కనిపిస్తాయా? వ్యక్తుల పేర్లు తీసేసి మొత్తంగానే చూపిస్తామంటారు. ఎనిమిది మంది టీమ్‌లో ‘ఒకరికి తీవ్ర ఆందోళన’ అని వస్తే పేరు తీసేసినా ఎవరో తెలియదా? ఈ అనుమానం ఉన్నంతవరకు జవాబులు అందరూ బాగున్నారనే చెబుతాయి.

## నలభై దాటినవాళ్ల పరీక్షలు: ఇక ముందు చూడాల్సింది

కొత్త నిబంధనను వెయ్యి మంది ఉన్న సంస్థలో ఊహిద్దాం. నలభై దాటినవాళ్లు 300 మంది. తలకు 1,500 చొప్పున పరీక్షలకు నాలుగున్నర లక్షలు. 90 మందికి బీపీ ఎక్కువుందని తేలిందనుకుందాం, వాళ్లలో సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఇక్కడిదాకా విజయమే. తర్వాత ఆ 45 మందిలో ఎంతమంది డాక్టరును కలిశారు, ఆరు నెలల తర్వాత ఎంతమంది మాత్రలు వేసుకుంటున్నారు అన్నదాన్ని బట్టే ఆ నాలుగున్నర లక్షలకు విలువ. నలభై మంది వేసుకుంటే అది పెప్సికోలో పనిచేసిన భాగం లాంటిది అవుతుంది. ఐదుగురే అయితే 300 రిపోర్టులు ఫైల్లో ఉంటాయి, తనిఖీకి వచ్చే అధికారికి చూపించడానికి. చట్టం పరీక్ష యజమాని ఖర్చు అంది. ఆ తర్వాతి చికిత్స ఈఎస్ఐ ఉన్నవాళ్లకు ఈఎస్ఐ, లేనివాళ్లకు మళ్లీ సొంత జేబు.

ఇంకో చిక్కు కాంట్రాక్టు కార్మికులది. దేశంలో వ్యవస్థీకృత ఫ్యాక్టరీల కార్మికుల్లో పదిమందికి నలుగురు కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లే. దుమ్ము, రసాయనాలు, బరువులు ఎక్కువగా వాళ్ల వంతుకే వస్తాయి. రెండేళ్లకోసారి కాంట్రాక్టరు మారతాడు, కార్మికుడు అదే గేటు లోపల అదే పనిలో ఉంటాడు. మొదటి ఏడాది పరీక్షలో ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపిస్తే మూడో ఏడాది దాన్ని పోల్చి చూడటానికి పాత ఎక్స్‌రే పాత కాంట్రాక్టరు దగ్గర ఉంటుందా, కంపెనీ దగ్గర ఉంటుందా, కార్మికుడి ఇంట్లో ఇనప్పెట్టెలో ఉంటుందా అన్నది ప్రతి ఫ్యాక్టరీలోనూ తేలాల్సిన విషయం.